గోకవద్దంటే ఆగే దురద కాదిది

ఒక తల్లి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా అబ్బాయికి ఏడేళ్లు. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనుక రెండేళ్లుగా ఎగ్జిమా ఉంది. రాత్రిళ్లు రక్తం వచ్చేలా గోక్కుంటాడు. సెట్రిజిన్ సిరప్ ఎంత పోసినా దురద ఆగడం లేదు. ఒకరు ఇమ్యూనిటీ తగ్గిందన్నారు, ఇంకొకరు నరాల బలహీనత అన్నారు. మా అత్తగారేమో అది చెడ్డ అలవాటు, చేతిపై రెండు వేస్తే మానుతాడంటున్నారు. అసలు ఇది దేనికి సంబంధించిన జబ్బు? వంకాయ, గుడ్డు, చేపలు మాన్పించాలా?"

అమ్మా, నేను 27 ఏళ్లుగా చర్మవ్యాధుల వైద్యం చేస్తున్నాను. ఈ ప్రశ్న వారానికి నాలుగైదు సార్లయినా వింటాను. ముందు సూటిగా జవాబు చెప్పి, తరువాత కారణాలు చెబుతాను.

మీ అబ్బాయికి ఇమ్యూనిటీ తగ్గలేదు. నరాల బలహీనతా లేదు. గోకడం వాడి అలవాటు అంతకన్నా కాదు. చర్మంలో కాపలా ఉండే రోగనిరోధక కణాలు, దురదను మెదడుకు చేరవేసే సన్నని నరాలు ఒకదానినొకటి రెచ్చగొట్టుకుంటున్నాయి. కణాలు నరాన్ని లేపుతాయి, లేచిన నరం తిరిగి కణాలను లేపుతుంది. సెట్రిజిన్ ఆ సంభాషణలో ఒకే ఒక్క మాటను ఆపగలదు. ఆ మాట పేరు హిస్టమిన్, ఎలర్జీలో కణాలు విడిచే ఒక రసాయనం. ఎగ్జిమా దురదలో హిస్టమిన్ వాటా చాలా తక్కువ. అందువల్ల మందు పడవలసింది చర్మంలోని వాపు మీద, పొడిబారిన పైపొర మీద. ఆ రెండూ అదుపులోకి వస్తే గోకడం దానంతట అదే తగ్గుతుంది. కొట్టడం దయచేసి ఈ రోజే ఆపండి.

ఇక వివరంగా.

పల్లెల్లో పెరిగినవారికి దూలగొండి తెలుసు. కాయ మీద బంగారు రంగు నూగు ఉంటుంది. అది ఒంటికి తగిలితే పిచ్చెత్తినట్టు దురద. ఆ నూగు మన వైద్యానికి పెద్ద పాఠమే చెప్పింది. 1955లో షెల్లీ, ఆర్థర్ అనే ఇద్దరు చర్మవైద్యులు ఆ నూగులో దురద పుట్టించేది ఒక ఎంజైమ్ అని, ప్రోటీన్లను కత్తిరించే రకానికి చెందినదని చూపించారు. దానికి మ్యూకునైన్ అని పేరు పెట్టారు. ఆ ఎంజైమ్ నరం కొన మీద ఉండే ఒక గ్రాహకాన్ని (సంకేతాన్ని అందుకునే ప్రోటీన్‌ను) కత్తిరించి మేల్కొలుపుతుందని 2008లో బోస్టన్ పరిశోధకులు నిరూపించారు. ఇందులో మనకు కావలసిన సంగతి ఒకటుంది. దూలగొండి దురద హిస్టమిన్ దారిలో రాదు, హిస్టమిన్‌ను అడ్డుకునే మందులకు లొంగదు. అంటే దురదకు శరీరంలో కనీసం రెండు దారులున్నాయి. దోమ కుట్టినప్పుడు, దద్దుర్లు లేచినప్పుడు వచ్చే దురదలో ఎక్కువ భాగం మొదటి దారిది, సెట్రిజిన్ అక్కడ బాగా పనిచేస్తుంది. మీ అబ్బాయిది ప్రధానంగా రెండో దారి.

దూలగొండి నూగు లేకుండానే వాడి చర్మంలో అలాంటి ఎంజైములు నిత్యం తయారవుతున్నాయి. మాస్ట్ కణాలు అనే కాపలా కణాలు ఒక రకం విడుదల చేస్తాయి. పరుపులో ఉండే ధూళి పురుగుల రెట్టలో ఇంకో రకం ఉంటుంది. ఎగ్జిమా చర్మం మీద స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా గుంపులుగా స్థిరపడుతుంది. అది విడిచే ఒక ఎంజైమ్ రోగనిరోధక కణాల ప్రమేయం ఏమీ లేకుండా నేరుగా నరాన్ని తట్టి దురద పుట్టించగలదని 2023లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు ఎలుకల మీద చూపించారు. పుండు రసి కారుతున్న రోజుల్లో దురద రెట్టింపవడం మీరు గమనించే ఉంటారు. అందుకు ఇదీ ఒక కారణం కావచ్చు.

ఇక రోగనిరోధక కణాల సంగతి. ఎగ్జిమాలో ఇవి ఇంటర్‌ల్యూకిన్లు అనే ప్రోటీన్లను వదులుతాయి. ఇవి ఒక కణం ఇంకో కణానికి రాసే చీటీల వంటివని చాలా కాలం అనుకున్నాము. నా చదువు రోజుల్లో పుస్తకాల్లోనూ అలాగే ఉండేది. ఆ చీటీలను నరాలు కూడా నేరుగా చదువుకుంటాయని తరువాత తేలింది. ఇంటర్‌ల్యూకిన్-31 అందే గ్రాహకం దురద నరాల మీదే ఉంది, అందింది మొదలు దురద. ఇంటర్‌ల్యూకిన్-4 పని వేరు. అది తానుగా అప్పటికప్పుడు దురద పుట్టించకపోయినా నరాన్ని అతి సున్నితంగా మార్చేస్తుంది. దానితో మామూలుగా పట్టించుకోని చిన్న తాకిడి కూడా భరించరానిదవుతుంది. చొక్కా మెడ వెనుక ఉండే లేబుల్, స్కూలు యూనిఫారం పాలిస్టర్ గుడ్డ, చెమట చుక్క, ఏదైనా సరే. దీనికి తోడు ఎగ్జిమా ఉన్నచోట నరాల కొనలు కొత్తగా పెరిగి, చర్మం పైపొర దాకా పాకుతాయి. వాడు "ఊరికే" గోక్కుంటున్నాడని మీకు అనిపిస్తుంది. వాడి నరానికి అందుతున్న సంకేతం మాత్రం నిజమైనదే.

కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత. ఈ జబ్బులో కందకూ ఉంది, కత్తిపీటకూ ఉంది. నరం తిరిగి ఏం చేస్తుందో చెబితే ఆ మాట అర్థమవుతుంది.

ఒక చిన్న పరీక్ష మీరే చేసి చూడండి. చెంచా తోకతో మీ ముంజేతి లోపలి వైపు కొంచెం గట్టిగా ఒక గీత గీయండి. వెలుతురులో కూర్చుని చూడండి. ముందు గీసినచోట సన్నని ఎర్రగీత పడుతుంది. అర నిమిషంలో దాని చుట్టూ, మీరు తాకని చోట కూడా, పలచని ఎరుపు పరుచుకుంటుంది. కొందరికి గీత కాస్త ఉబ్బుతుంది కూడా. రంగు ఎక్కువ ఉన్న చర్మం మీద ఎరుపు కష్టంగా కనబడుతుంది, చేయి వెనుక భాగంతో తాకితే వెచ్చదనం తెలుస్తుంది. ఈ మూడు దశలనూ లండన్‌లో థామస్ లూయిస్ అనే వైద్యుడు 1927లో వివరంగా రాశాడు. తాకనిచోటికి ఎరుపు ఎలా పాకింది? నరం పాకించింది. దురద నరానికి చర్మంలో చెట్టు కొమ్మల్లా చీలికలుంటాయి. ఒక కొమ్మలో పుట్టిన సంకేతం వెన్ను వైపు పోతూనే, పక్క కొమ్మలోకి వెనక్కి కూడా మళ్లుతుంది. అక్కడ నరం కొన నుంచి సబ్‌స్టెన్స్ పి, సీజీఆర్‌పీ అనే పదార్థాలు బయటకు వస్తాయి. అవి రక్తనాళాలను వెడల్పు చేస్తాయి. సబ్‌స్టెన్స్ పి అయితే మాస్ట్ కణాలను కూడా పగలగొడుతుంది. పగిలిన మాస్ట్ కణం మళ్లీ నరాన్ని తడుతుంది.

నరమే ఆ పని చేస్తుందనడానికి నేను కళ్లారా చూసిన రుజువు కుష్ఠు వ్యాధిలో ఉంది. స్పర్శ పోయిన మచ్చ మీద ఒక చుక్క హిస్టమిన్ వేసి సూదితో పైపైన గుచ్చితే ఉబ్బు వస్తుంది, చుట్టూ పాకవలసిన ఎరుపు మాత్రం రాదు. పక్కనే మంచి చర్మం మీద అదే చుక్క వేస్తే ఎర్రటి వలయం చక్కగా పరుచుకుంటుంది. విద్యార్థిగా మొదటిసారి ఆ తేడా చూసిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. నరం అంటే వార్త మోసే తీగ మాత్రమే అనుకునేవాణ్ని. ఆ తీగ తెగితే వాపు స్వరూపమే మారిపోతుందని అప్పుడు తెలిసింది. పక్షవాతం వచ్చిన కాలు మీద, నరం దెబ్బతిన్న చేయి మీద సోరియాసిస్ మచ్చలు తగ్గిపోయిన ఉదాహరణలు కూడా వైద్య సాహిత్యంలో చాలా కాలంగా ఉన్నాయి. నరానికి స్పర్శ తిరిగి వచ్చాక మచ్చ మళ్లీ వచ్చిన సందర్భాలూ ఉన్నాయి.

మిరపకాయల సంగతీ చెప్పాలి. గుంటూరు చుట్టుపక్కల మిర్చి సీజనులో తొడిమలు తీసే పనికి వెళ్లే ఆడవాళ్లు చేతులు మంటలెత్తి మా దగ్గరకు వస్తుంటారు. ఒకామె రెండు చేతులూ తడిగుడ్డలో చుట్టుకుని వచ్చింది. చేతులు ఎర్రగా, వేడిగా ఉన్నాయి. చూస్తే కాలినట్టే ఉంటుంది కానీ ఒక్క బొబ్బ లేదు, చర్మం ఎక్కడా చిట్లలేదు. కారంలోని క్యాప్సైసిన్ నిప్పులా కాల్చదు. వేడిని గుర్తించే గ్రాహకాన్ని తెరిచి, నిప్పు తగిలిందని నరాన్ని నమ్మిస్తుంది. నమ్మిన నరం తన దగ్గరున్న పదార్థాలను కుమ్మరిస్తుంది, గాయమే లేని చోట వాపు పుడుతుంది. హంగరీకి చెందిన యాంచో అనే శాస్త్రవేత్త క్యాప్సైసిన్‌తోనే ఈ నరాల వాపును నిరూపించాడు. ఆ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. (చేతులు మండితే ముందు నూనె రాసి తుడిచి, ఆ తరువాత సబ్బుతో కడగండి. కారం నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది.)

ఇప్పుడు గోకడం గురించి. గోకితే హాయిగా ఎందుకుంటుంది? గోరు కలిగించే సన్నని నొప్పి వెన్నుపాములో దురద సంకేతాన్ని కాసేపు అణుస్తుంది. అందుకే రక్తం వచ్చే దాకా గోకినా పిల్లవాడికి అది శిక్షలా అనిపించదు, ఊరటలా అనిపిస్తుంది. ఆ ఊరట నిమిషాల్లో పోతుంది. ఈలోగా గోరు రెండు పనులు చేసింది: పైపొరను చీల్చింది, నరం నుంచి సబ్‌స్టెన్స్ పి విడుదల చేయించింది. 2025 జనవరిలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన ఎలుకల ప్రయోగం దీన్ని బాగా విడదీసి చూపింది. చెవి మీద ఎలర్జీ కలిగించాక గోక్కోనిచ్చిన ఎలుకల్లో వాపు బాగా పెరిగింది. మెడకు పట్టీ కట్టి గోక్కోకుండా చేసిన ఎలుకల్లో చాలా తక్కువగా ఉంది. అయితే అదే ప్రయోగంలో గోకడం వల్ల చర్మం మీది స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా తగ్గిందని కూడా తేలింది. గోకడం శరీరం ఏదో మేలు కోసమే నేర్చుకున్న పని అన్నమాట. పురుగు కుట్టినప్పుడు నాలుగుసార్లు గోకితే అది ఉపయోగపడవచ్చు. రెండేళ్లుగా మానని ఎగ్జిమాలో చీలిన చర్మం నుంచి జరిగే నష్టం ఆ మేలును మింగేస్తుంది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, వాడి చేయి వాడి మాట వినకపోవడానికి కారణం మొండితనం కాదని మీ అత్తగారికి మీరు నెమ్మదిగా చెప్పగలగాలి.

దురద రాత్రి ఎక్కువ కావడానికి కారణాలు అందరికీ ఒకేలా ఉంటాయి. రాత్రిపూట శరీరంలో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ అయిన కార్టిసాల్ తగ్గుతుంది, చర్మం వేడెక్కుతుంది, చర్మం నుంచి నీరు ఎక్కువగా ఆవిరవుతుంది, మనసు మళ్లించే పని ఉండదు.

నాకు బాగా గుర్తుండిపోయిన ఒక పాప ఉంది. నాలుగో తరగతి. తండ్రి కోపంతో ఆమెను దాదాపు ఈడ్చుకుంటూ తెచ్చాడు. "ఎంత చెప్పినా వినదు డాక్టరుగారూ" అన్నాడు. చేతులు చూపించమన్నాను. గోళ్లు పదీ అద్దంలా మెరుస్తున్నాయి. రంగు వేశారా అని మా నర్సు అడిగింది. రంగు కాదు. నెలల తరబడి చర్మం మీద రుద్దీ రుద్దీ గోళ్లు అలా పాలిష్ అయిపోయాయి. మణికట్టు దగ్గర చర్మం మందంగా, గీతలు లోతుగా, ఎండిన చెరువు మన్నులా ఉంది. ఆ గోళ్లను తండ్రికి చూపించి, నిద్రలో కూడా ఈ బిడ్డ చేతులు ఆగడం లేదని చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆమెకు రాసిన మందులు కొత్తవేమీ కావు, మీకు ఇప్పుడు చెప్పబోయేవే. ఆరు వారాలకు నిద్ర తిరిగి వచ్చింది. గోళ్ల మెరుపు పోవడానికి ఇంకా కొన్ని నెలలు పట్టింది, ఎందుకంటే పాత గోరు పెరిగిపోయి కొత్తది రావాలి.

మీరు చేయవలసినవి. మొదటిది, ఎక్కువ మంది తక్కువగా చూసేది, తేమ. ఎగ్జిమా పిల్లల్లో చాలామందికి చర్మం పైపొర పుట్టుకతోనే బలహీనం. కొందరిలో ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ జన్యువులోనే లోపం ఉంటుందని 2006లో తేలింది. పైపొరలో సందులున్నంత కాలం బయటి పదార్థాలు లోపలికి వస్తూనే ఉంటాయి, కాపలా కణాలు అరుస్తూనే ఉంటాయి. గోరువెచ్చని నీటితో పది నిమిషాల లోపు స్నానం, మెత్తని తువ్వాలుతో అద్దడం, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే ఒళ్లంతా మాయిశ్చరైజర్. ఖరీదైనదే కావాలని లేదు. పెట్రోలియం జెల్లీ చాలు. శుద్ధమైన కొబ్బరినూనె చాలామంది పిల్లలకు బాగానే పడుతుంది. ఆవనూనె వద్దు. సున్నిపిండితో నలుగు పెట్టడం ఈ పిల్లలకు పనికిరాదు, ఆ గరుకుదనం గోటితో సమానం. ఎండు వేపాకు రుద్దడం కూడా అంతే. వేపాకు వేసి కాచిన వేడివేడి నీళ్లు పోస్తే హాయిగా ఉందంటాడు, నిజమే. వేడి దురదను కాసేపు మరిపిస్తుంది. పావుగంటలో చర్మం మరింత ఎండి, రెట్టింపు దురదతో లేస్తుంది. పెద్దవాళ్ల ప్రేమ అందులో ఉంది కాబట్టి వాళ్లను నొప్పించకుండా నీటి వేడి మాత్రం తగ్గించండి.

రెండోది స్టెరాయిడ్ పూత. ఈ పేరు వినగానే తల్లులు భయపడతారు, సగం రాసి ఆపేస్తారు. భయపడవలసిన స్టెరాయిడ్లు ఉన్నాయి: మందుల దుకాణంలో చీటీ లేకుండా ఇచ్చే, మూడు నాలుగు మందులు కలిపిన గొట్టాలు. అవి తామరను (ఫంగస్ వల్ల వచ్చే రింగ్‌వార్మ్‌ను) కూడా దాచిపెట్టి ఒళ్లంతా పాకిస్తాయి. వైద్యుడు పిల్లవాడి వయసును, చర్మం మందాన్ని చూసి రాసిన పూత వేరు. కొలత ఇది: పెద్దవాళ్ల చూపుడువేలి కొన నుంచి మొదటి గీత దాకా పిండితే సుమారు అర గ్రాము. అది పెద్దవాళ్ల రెండు అరచేతులంత మేర చర్మానికి సరిపోతుంది. ఎన్నాళ్లు రాయాలో మీ వైద్యుణ్ని అడిగి ఆ గడువు పూర్తి చేయండి. దురద తగ్గిన మూడో రోజే ఆపవద్దు, చర్మం తాకితే నున్నగా అయ్యేదాకా రాయాలి. దురద నరం త్వరగా శాంతిస్తుంది, చర్మంలో దాగిన కణాలకు ఇంకా సమయం కావాలి. తరువాత చాలామందికి వారంలో రెండు రోజులు మాత్రమే, పాత చోట్లలోనే, కొన్ని నెలలు రాయమని చెబుతాము. ఎగ్జిమా తిరగబెట్టడం దీనివల్ల బాగా తగ్గుతుంది.

ముఖం, మెడ, కనురెప్పల వంటి పలచని చోట్లకు టాక్రోలిమస్ అనే, స్టెరాయిడ్ కాని పూత రాస్తారు. రాసిన మొదటి రోజుల్లో మండుతుంది. "మందు పడలేదు" అని చాలామంది అక్కడే పారేస్తారు. ఆ మంటకు కారణం మీకు ఇప్పుడు అర్థమవుతుంది. ఆ మందు నరం కొనలో నిల్వ ఉన్న సబ్‌స్టెన్స్ పిని బయటకు తోలుతుంది, మిరపకారం చేసినట్టే. నిల్వ ఖాళీ అయ్యాక, సాధారణంగా వారం లోపల, మంట సద్దుమణుగుతుంది. నేను చీటీ రాసేటప్పుడే ఈ మాట చెబుతాను. ముందే చెబితే తల్లి మందు కొనసాగిస్తుంది. చెప్పడం మరిచిపోతే రెండు వారాల తరువాత గొట్టం నిండుగానే తిరిగి వస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా రాస్తే కొంత సులువు.

దురద లేచిన క్షణంలో "గోకకు" అనడం వల్ల లాభం లేదు. తడిపి పిండిన చల్లని నూలుగుడ్డ చేతికి ఇచ్చి అద్దుకోమనండి. చల్లదనం కూడా నరం గుండానే పనిచేస్తుంది, చర్మాన్ని చీల్చదు. గోళ్లు వారానికి రెండుసార్లు తీయండి. రాత్రి పాత నూలు చొక్కా, పొడుగు చేతులది, వేయండి.

సెట్రిజిన్ పూర్తిగా మానాలా? ఎగ్జిమాతో పాటు దద్దుర్లు, తుమ్ములు ఉంటే దానికి పని ఉంది. దురదకు అదొక్కటే ఆధారమని మాత్రం అనుకోవద్దు.

ఇమ్యూనిటీ పెంచే టానిక్కులు, పొడులు కొనవద్దు. వాడి రోగనిరోధక వ్యవస్థ బలహీనంగా లేదు, అనవసరమైన చోట పనిచేస్తోంది. అదే డబ్బుతో రెండు నెలల మాయిశ్చరైజర్ వస్తుంది.

పథ్యం గురించి అడిగారు. వంకాయ, గోంగూర, గుడ్డు, చేప అని ఒక్కొక్కటీ మాన్పించి, చివరికి చారన్నం మాత్రమే మిగిలిన పిల్లలను చూశాను. ఒకబ్బాయి ఎగ్జిమా అలాగే ఉంది, బరువు మాత్రం మూడు కిలోలు తగ్గాడు. ఏదైనా తిన్న రెండు గంటల లోపల పెదవులు వాచడం, దద్దుర్లు లేవడం, వాంతి కావడం మీరు స్పష్టంగా చూసి ఉంటే ఆ ఒక్క పదార్థం గురించి వైద్యునితో మాట్లాడండి. అలా లేకపోతే అన్నీ పెట్టండి. పెరిగే పిల్లవాడికి గుడ్డు కావాలి.

వీటన్నిటికీ లొంగని తీవ్రమైన ఎగ్జిమాకు ఇప్పుడు కొత్త మందులున్నాయి. డుపిలుమాబ్ అనే ఇంజెక్షన్ ఇంటర్‌ల్యూకిన్-4, 13 సంకేతాలను అడ్డుకుంటుంది. అమెరికాలో 2017లో పెద్దలకు, ఆ తరువాతి సంవత్సరాల్లో పిల్లలకూ అనుమతి వచ్చింది. నెమోలిజుమాబ్ ఇంటర్‌ల్యూకిన్-31 గ్రాహకాన్నే మూసేస్తుంది. జాక్ నిరోధకాలనే మాత్రలు ఈ చీటీల సంకేతం కణం లోపలికి పోకుండా ఆపుతాయి. కొందరు రోగుల్లో మచ్చలు తగ్గకముందే దురద తగ్గిపోతుంది. నరం ఆ చీటీలను నేరుగా చదువుతోందనడానికి నాకు ఇంతకన్నా బలమైన ఆధారం కనబడదు. ఖరీదు ఇప్పటికీ సామాన్య కుటుంబానికి భారమే, మాత్రలకు ముందూ తరువాతా రక్తపరీక్షలు, క్షయ పరీక్ష అవసరం. మీరు రాసిన వివరాలను బట్టి మీ అబ్బాయికి ఇప్పుడే వాటి అవసరం ఉండదని అనుకుంటున్నాను. పూతలను సరైన కొలతలో వాడిన పిల్లల్లో ఎక్కువ మంది వాటితోనే తేరుకుంటారు.

ఒక జాగ్రత్త. ఇంతా చెప్పాక, నేను పిల్లవాణ్ని చూడలేదని గుర్తుంచుకోండి. రాత్రి దురద అనగానే నేను ముందు వెతికేది గజ్జి (స్కేబీస్). వేళ్ల సందుల్లో, నడుము చుట్టూ, మర్మాంగాల దగ్గర చిన్న పొక్కులున్నాయా చూడండి. ఇంట్లో ఇంకెవరికైనా దురద మొదలైందా అడగండి. ఉంటే ఇంటిల్లిపాదికీ ఒకే రోజు మందు రాయాలి, లేకపోతే అది ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. అంచులు ఎర్రగా, మధ్యలో తేరిన గుండ్రని మచ్చలైతే తామర అయి ఉండవచ్చు, దానికి స్టెరాయిడ్ రాయకూడదు.

ఈ సమాధానం చదివే పెద్దవాళ్లకు ఒక మాట. ఒంటి మీద ఏ మచ్చా లేకుండా నెలల తరబడి దురద ఉంటే చర్మం పూతలతో కాలం గడపకండి. కిడ్నీ, కాలేయం, థైరాయిడ్, రక్తం పరీక్షలు చేయించుకోండి. ఉద్దానం ప్రాంతం నుంచి డయాలసిస్ మీద ఉన్న రోగులు కొందరు నా దగ్గరకు వచ్చారు. వాళ్ల దురదకు ఎలర్జీ మాత్రలు ఇచ్చీ ఇచ్చీ అలసిపోయి ఉన్నారు. కిడ్నీ జబ్బులో దురద నరాల తీరే మారుతుంది, దానికి మోతాదు బాగా తగ్గించిన గాబాపెంటిన్ వంటి మందులు కిడ్నీ వైద్యుని సలహాతో వాడాలి.

అమ్మా, చివరగా మీరు తప్పక తెలుసుకోవలసినది ఒకటుంది. ఎగ్జిమా ఉన్న చర్మం మీద హెర్పిస్ వైరస్ పడితే చాలా వేగంగా పాకుతుంది. ఎగ్జిమా ఉన్నచోట ఒక్కసారిగా ఒకే సైజు చిన్న నీటి పొక్కులు గుంపుగా లేచి, చిదిమితే గుండ్రని గుంటలుగా మారి, జ్వరం వచ్చి, దురదకు బదులు నొప్పి అంటే అది మామూలు తిరగబెట్టడం కాదు. కంటి దగ్గర వస్తే చూపుకు ప్రమాదం. అలాంటప్పుడు ఇంట్లో ఉన్న స్టెరాయిడ్ గొట్టం ముట్టుకోకండి, తెల్లవారే దాకా ఆగకుండా దగ్గరలోని ఆసుపత్రికి తీసుకువెళ్లండి. వైరస్ మందు ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిది. మిగతా సంగతులకు తొందర లేదు. ఈ వారం తేమ, చల్లని గుడ్డ మొదలుపెట్టి, వాడి చేతులు, మడతలు పగటి వెలుతురులో ఫోటోలు తీసి పెట్టుకోండి. మీ వైద్యుని దగ్గరకు వెళ్లినప్పుడు వాడిన గొట్టాలన్నీ, అయిపోయినవి కూడా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి.